ముగ్గురం ఒకే మంచం మీద

బొంబాయి నుంచి రీలు వచ్చిందన్న కబురు నాకు మొదట తెచ్చింది పక్కింటి డ్రాయింగు మేస్టారి భార్య. ఆవిణ్ని నేను అప్పా అని పిలిచేదాన్ని. అక్కని మావైపు అలాగే పిలుస్తారు. ఆ పూట పెరటి గోడకి అవతల నిలబడి, గోడ మీద మోచేతులు ఆనించి, నా చేతులకేసి చూస్తోంది. నేను అంట్లు తోముకుంటున్నాను.

"అదే గిన్ని ఎన్నిసార్లు తోమతావే?" అంది చివరికి.

చూసుకుంటే నిజమే. మిగతావన్నీ బూడిదతో అలాగే ఉన్నాయి. నా చేతిలో గిన్నె ఒక్కటే మెరుస్తోంది.

"రీలు వొచ్చీసింది సెల్లీ. ఆయన నీకు సెప్పమన్నారు. సెప్పాలో వొద్దో తెలీక పొద్దున్నుంచీ ఈ గోడ కాడికి వొస్తన్నాను, పోతన్నాను."

"మంచిదప్పా," అన్నాను. ఆ రోజుల్లో ఎవరేం చెప్పినా నా నోట వచ్చే మాట అదొక్కటే.

ఆ రీలులో మా ఆయన ఉన్నారు. దాన్ని తీసింది ఎండాకాలంలో. ఆ వెనకొచ్చిన వానల్లో కామెర్లొచ్చి ఆయన పోయారు. ఆకు మందు వేయించాం, ఆస్పత్రికి తీసుకెళ్ళాం, రామతీర్థం రాములవారికి మొక్కుకున్నాం. ఆస్పత్రిలో వాళ్ళు చెయ్యగలిగినంతా చేశారు, వాళ్ళ మేలు మరిచిపోను. స్వామి తీసుకుపోయాడు, అంతే.

ఆయనది ఫొటో ఒక్కటీ లేదు. మా పెళ్ళికి ఫొటో తీయించే తాహతు రెండిళ్ళలోనూ లేదు, ఆ ధ్యాసా లేదు. మరి ఆయన మొహం నాకు గుర్తుకు రావడం మానేసింది. కాళ్ళు గుర్తొచ్చేవి. మడమల పగుళ్ళు గుర్తొచ్చేవి. మిల్లు నుంచి వచ్చి చొక్కా విప్పుతుంటే రాలే జనపనార నూగు గుర్తొచ్చేది. సాయంత్రం దీపం పెట్టి కళ్ళు మూసుకుంటే స్వామి మొహం కనబడేది గాని ఈయన మొహం కనబడేది కాదు. దానికి ఏడుపైనా రావాలి కదా, అదీ రాలేదు. చెయ్యి మీద పడుకుంటే తిమ్మిరెక్కి అది మనది కానట్టు ఉంటుంది చూడండి, నా ఒళ్ళంతా అలా ఉండేది.

కాబట్టి ఆ రీలు చూస్తే మొహం తిరిగి దొరుకుతుందేమోనని ఒక ఆశ. ఆశ అని ఇప్పుడంటున్నాను. అప్పుడు దాన్ని ఏమనాలో తెలీలేదు.

లోపల్నుంచి మా అత్తగారు వినేసింది. "ఏటి? ఏటొచ్చింది?" అంటూ గుమ్మంలోకి వచ్చింది. అప్ప చెప్పింది.

"తీసికెల్లి ఏట్లో పడీమని సెప్పు," అంది మా అత్తగారు. "ముగ్గుర్నీ ఒక్కదాంట్లో ఏసినాడు. ఒకడు ఎల్లిపోనాడు. ఇంకెవుల్ని తీసికెల్దామని సూస్తన్నాదో అది!"

ఆ మాట ఎందుకన్నదో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అవి అరవైల చివరి సంవత్సరాలు. నెల్లిమర్లలో మిల్లుకి దగ్గరగా పెంకుటిళ్ళ వరసలో మా ఇల్లు: ఒక గది, వంటిల్లు, ముందు అరుగు. నేను ఆమదాలవలస పక్క రైతుల ఇంటి పిల్లని. బడికి పోలేదు. మా నాన్నగారే కళ్ళంలో ధాన్యానికి కాపలా కూర్చున్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆయన పెట్టిన భిక్షే. మామగారు నేను కాపరానికి రాకముందే పోయారు. కొడుకే లోకంగా మా అత్తగారు, జనపనార మిల్లులో నార వడికే మిషను దగ్గర ఆయన, ఇంట్లో నేను. మాకు పిల్లలు లేరు.

మేస్టారిది విజయనగరం. హైస్కూల్లో బొమ్మలు నేర్పేవారు. ఎవరో దొరగారు దేశానికి తిరిగి పోతూ ఇచ్చేసిన చిన్న సినిమా కెమెరా ఆయన దగ్గర ఉండేది. గోడగడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే గుర్రుమని తిరిగేది. దాంతో ఆయన కథ లేని సినిమా తీస్తానన్నారు. మాటలుండవు, పాటలుండవు. రీలు మీద ఒకసారి బొమ్మ తీసి, వెలుగు తగలకుండా దాన్ని వెనక్కి చుట్టి, అదే ముక్క మీద మరో బొమ్మ తియ్యడం. మిల్లు గేటులోంచి వచ్చే జనం మీద చంపావతి ఏటి నీళ్ళు, నీళ్ళ మీద ఎండేసిన నార. ఒకదాంట్లోంచి ఇంకోటి కనబడుతుందట.

"ఎందుకు మేస్టారూ అలాగ?" అనేవారు మా ఆయన. "ఒక బొమ్మ సూడ్డానికే కళ్ళు సాలవు."

"నువ్వు మిషను దగ్గర నిలబడి ఇంటి సంగతి తలుచుకోవా?"

"తలుస్తాను."

"అప్పుడు నీకు కనపడేది మిషనా, ఇల్లా?"

మా ఆయన బుర్ర గోక్కుని, "రెండూనండి," అన్నారు.

"అదే నే తీసేది," అన్నారు మేస్టారు.

అందులో ఒక చిన్న ముక్కకి మా ఇంటి మనుషులు కావాలన్నారు. ముగ్గురూ మంచం మీద కూర్చుంటే చాలన్నారు. అక్కడే మా అత్తగారు అడ్డం తిరిగింది. ముగ్గురు కలిసి ఫొటోకి కూర్చోకూడదు, కూర్చుంటే ముగ్గుర్లో ఒకరు పోతారని ఆవిడ నమ్మకం. ఆవిడదే కాదు, మా వీధిలో చాలామందిది.

"నలుగురైతే పరవానేదా?" అన్నారు మా ఆయన. "పక్కింటోల్ల మేకని కూడా కూకోబెడదుం."

"ఓరి ఎదవా, నీకన్నా పెద్ద మేక ఎవుడున్నాడురా ఈ వీధిలోన!" అంది ఆవిడ.

మేస్టారు నవ్వి, ఒక దారి చెప్పారు. ఒకరి తరవాత ఒకరు కూర్చోండి, మంచం ఖాళీ చేసి రెండోవాళ్ళు రండి, ఎవరి బొమ్మ వాళ్ళదే అన్నారు. మా అత్తగారు కాసేపు ఆలోచించుకుని, "ఒక్కలొక్కలే అయితే తప్పునేదు," అంది. మోసం చేద్దామని మేస్టారు అనలేదు. ఆవిడ మాట చెల్లేలాగ, తన బొమ్మ దక్కేలాగ ఏదో ఆలోచించారు. కలిసి కూర్చోకపోతే చాలునని ఆవిడా అనుకుంది. రీలు మీద ముగ్గురమూ ఒక్క చోటే పడతామని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

మా ఆయన సెలవు రోజున మేస్టారు తీశారు. గుమ్మం ముందు నులక మంచం వేశారు. వెనక చీకటిగా ఉంటే బొమ్మ నిలుస్తుందట, అందుకని లోపలి కిటికీ మూయించారు. మొదట మా ఆయన, మంచం మధ్యలో.

"నవ్వాలా, వొద్దా?"

"నీ ఇష్టం."

"ఇష్టమంటే ఎలాగండీ, ఏదోటి సెప్పండి," అన్నారు. ఆ తేలనితనంతోనే కూర్చున్నారు.

తరవాత మేస్టారు నల్ల కంబళి నిండా కప్పుకుని, అందులో కెమెరా విప్పి రీలు వెనక్కి చుట్టారు. మండుటెండ. కంబళిలోంచి బుసలు. "సలిజరం వొచ్చినోడిలాగ ఆ ముసుగేటి బాబూ?" అని మా అత్తగారు జాలిపడింది. రెండోసారి ఆవిడ వంతు, మంచానికి కుడి పక్కన. మూడోసారి నేను, ఎడం పక్కన. ఆవిడ వంతుకి నేను వంటింట్లో ఉన్నాను, చూడలేదు. నా వంతుకి నేను కూర్చోనే లేదు. అత్తగారు అరుగు మీద నిలబడి చూస్తుంటే మంచమెక్కి కూర్చోవడమా! పైగా ఆయన తాగి పెట్టిన మంచినీళ్ళ గ్లాసు మంచం మీదే ఉంది. కీ తిరుగుతుండగా చాలాసేపు తటపటాయించి వెళ్ళి, అది తీసి, నులక మీది దుమ్ము పైటచెంగుతో తుడిచి, పక్కకి తప్పుకున్నాను. కూర్చోమ్మా కూర్చోమ్మా అంటూనే ఉన్నారు మేస్టారు. అంతలో కీ అయిపోయింది.

రీలు బొంబాయి పోయింది. దాన్ని కడిగి బొమ్మలు తేల్చేవాళ్ళు అక్కడే ఉన్నారట. అది తిరిగి వచ్చేలోపల వానలొచ్చాయి, కామెర్లొచ్చాయి.

ఆయన పోయిన తరవాత మేస్టారు మా ఇంటికి వచ్చి, మాటల్లో, ముగ్గురి బొమ్మా ఒక ముక్క మీదే ఉందని చెప్పారు. ఓదార్పుగానే చెప్పారు పాపం. ముగ్గురూ కలిసే ఉంటారు అన్నారు. ఆ రోజు నుంచి ఆ రీలే కొడుకుని మింగిందని మా అత్తగారి మనసులో పడిపోయింది. రాగానే ఏట్లో కలపాలి అని అంటూనే ఉండేది.

ఇదిగో, వచ్చింది.

నేను గిన్నె కింద పెట్టి, "ఒక్కసారి చూస్తానత్తా," అన్నాను.

ఆవిడ నావైపు తిరిగింది. ఆయన పోయాక నేను నోరు తెరిచి ఇది కావాలి అని అడిగింది అదే మొదలు. పెట్టింది తినేదాన్ని, కూర్చోమన్న చోట కూర్చునేదాన్ని. ఆవిడకీ అది తట్టినట్టుంది. కోపం కొంచెం దిగింది.

"సూడు," అంది. "ఒక్కపాలి సూసీయి. తరవాత నానే తీసికెల్లి ఏట్లో ఇడిసీస్తాను. ఆడి అస్తికలు కలిపిన కాడే."

"అలాగే," అన్నాను.

ఏడాది తిరిగేదాకా నేను ఇంకొకరి గడప తొక్కకూడదు గనక మేస్టారే మా ఇంటికి బొమ్మ వేసే మిషను తెచ్చారు. దాన్ని మిషనరీ ఆస్పత్రి వాళ్ళదగ్గర అడిగి తెచ్చారట. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టారు. కిటికీకి, తలుపు సందులకి గోనెసంచులు కట్టారు. మా ఊళ్ళో వాటికి కొదవలేదు. అయినా నేతలో సందులుంటాయిగా, గది నిండా చిన్న చిన్న వెలుగు చుక్కలు. దీపం బల్బు విప్పి అందులోంచి కరెంటు తీసుకున్నారు. అప్ప తన ఇంటి దుప్పటి గోడకి కట్టింది. చూడనంటూనే మా అత్తగారు వచ్చి గోడవారన చతికిలబడింది.

ముందు మిల్లు గేటు వచ్చింది. జనం బయటికి నడిచి వస్తున్నారు, వాళ్ళ మీంచి నీళ్ళు పోతున్నాయి. నడుస్తున్నది మనుషులో నీళ్ళో తెలీలేదు. శబ్దం లేదు. మిషను టకటక ఒక్కటే. బాగుందో లేదో నేను చెప్పలేను. నా ఒంట్లాగే ఉంది అనిపించింది, దగ్గరే ఉన్నా దేనికీ అందనట్టుగా.

తరవాత మంచం వచ్చింది.

మంచం మీద మనిషి ఉన్నాడు. రెండు మోకాళ్ళ మీద రెండు చేతులు. చేతులు ఆయనవే. చేతుల్లోంచి ఇంకో జత చేతులు, ఎముకలు తేలినవి. మొహం చూద్దామని కళ్ళెత్తాను. మొహం లేదు. మొహం ఉండాల్సిన చోట మీసాలున్న ముసలమ్మ ఉంది. ఆయన కళ్ళమీద ఆవిడ కళ్ళు, ఆయన నోటిమీద ఆవిడ నోరు. ఇద్దరూ కలిసి ఎవరికీ చెందని మరో మొహం అయ్యారు.

మా మంచం నులక వదులు. కుడి పక్కన కూర్చున్నా, ఎడం పక్కన కూర్చున్నా, జారి మధ్యలోకే వస్తారు. ముగ్గురు కూర్చుంటే ఒకరికొకరు ఆనుకుని ఆగేవాళ్ళేమో. ఒక్కతే కూర్చుంది గనక మా అత్తగారు జారి, కొడుకు కూర్చున్న గోతిలోనే సరిగ్గా కూర్చుంది.

ఆవిడ కేక పెట్టింది. మేస్టారు మిషను ఆపేశారు.

"నా కొడుకు మొహం మీద నాను కూకున్నాను," అంది. "నానే మింగీసినాన్రా బాబూ, నానే మింగీసినాను." గోనెసంచి ఒక పక్క లాగేసుకుని అరుగు మీదికి వెళ్ళిపోయింది. ఎండలో, మాకు వీపు పెట్టి కూర్చుంది. అప్ప వెనకే వెళ్ళి నీళ్ళిచ్చింది. తాగలేదు.

మేస్టారి మొహం చూడలేకపోయాను. "తప్పు నాదేనమ్మా," అన్నారు నాతో. "జరగమన్నాను. కీ తిరుగుతోంది, ఆపితే రీలు పోతుందనుకున్నాను. కట్టేస్తాను. మీరు ఏట్లో కలిపెయ్యండి, నేనేమీ అనుకోను."

నాకు ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. మొహం ఇంకా దొరకలేదు, ఒక్కసారి చూస్తానన్న మాట ఇంకా తీరలేదు. అంతే తోచింది.

"మళ్ళీ తిప్పండి మేస్టారూ. చివరిదాకా తిప్పండి," అన్నాను.

తిప్పారు. మళ్ళీ జనం, మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ఆ రెండు మొహాల మొహం. చూస్తూ ఉన్నాను. కొంతసేపటికి ముసలావిడ తల ఉలిక్కిపడినట్టు పక్కకి తిరిగింది. మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. లేచి గబగబా బొమ్మలోంచి వెళ్ళిపోయింది.

ఎందుకు లేచిందో నాకు తెలుసు. వంటింట్లోకి వచ్చి ఆవిడ ఏమన్నదో అప్పుడు గుర్తొచ్చింది. ఆవిడ బొమ్మ తీస్తుండగా మిల్లు కూత వేసింది. కూత వేసిందంటే కొడుకు వస్తాడు, కంచం పెట్టాలి. ఎన్నేళ్ళ అలవాటో అది. "కూతేసీసింది, అన్నం వొంచీసినావేటే?" అని పరిగెత్తుకొచ్చింది. సెలవు గనక కొడుకు ఇంట్లోనే ఉన్నాడు. "అమా, నానిక్కడే సచ్చేనే!" అని అరుగు మీంచి ఆయన నవ్వడం కూడా విన్నాను. తన మాటకి తనే లెంపలు వేసుకుంది ఆవిడ, నేనూ నవ్వాను.

ఆవిడ లేచి వెళ్ళిన చోట ఆయన మిగిలారు. నవ్వాలో వద్దో తేలని మొహంతో అలాగే కూర్చుని ఉన్నారు. గుండెల్లోంచి తలుపు గడియ కనబడుతోంది. మెడ గోక్కున్నారు. ఎడం కనుబొమలో చిన్న గాటు. అది నేను ఎలా మరిచిపోయాను! గుర్తుపట్టాను. ఇదా, అనుకున్నాను. పొంగిపోలేదు, కుంగిపోలేదు. పోయిన వస్తువు దొరికితే చేత్తో తడుముకున్నట్టు చూసుకున్నాను.

బయటికి వెళ్ళి, "అత్తా, నువ్వు లేచావు," అన్నాను.

"ఏటి?"

"బొమ్మలో. నువ్వు లేచి వెళ్ళిపోయావు. ఆయన ఉన్నారు. నువ్వు కప్పినంతసేపూ కిందే ఉన్నారు. నువ్వు లేచాక కనబడుతున్నారు."

ఆవిడ నమ్మలేదు. నా మొహం చూసి, ఏమనుకుందో, లేచింది. లోపలికి రాలేదు, గుమ్మం పట్టుకుని నిలబడింది. మేస్టారు మూడోసారి తిప్పారు.

మంచం మీద తనని చూసుకోగానే ఆవిడ పళ్ళు బిగించింది. ముందు మెల్లిగా అంది. "లెగు." తరవాత గట్టిగా. "లెగే. లెగే ముసిలీ. కూత ఇనబడనేదేటే, సెవుడా? ఎంతసేపు కూకుంతావే నా కొడుకు మీద, సిగ్గునేదా, లెగు!"

అప్ప నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలీలేదు.

బొమ్మలో ముసలావిడ లేచింది. ఇక్కడి ముసలావిడ ఊపిరి వదిలింది. "అదిగో," అంది. "అదిగో, ఆడే. ఆడే." కొడుకు మెడ గోక్కుంటుంటే, "దోమ కుట్టినాది," అని మాకు చెప్పింది.

అంతలో నేను వచ్చాను. ఎడం పక్కనుంచి వచ్చి, వంగి, పైటచెంగుతో ఆయన మోకాళ్ళలోంచి తుడుచుకుంటూ పోయాను. ఆయన కదల్లేదు. ఎలా కదుల్తారు.

"ఒసే," అంది మా అత్తగారు, "మంచం తుడమంటే మొగుడ్ని తుడిసీస్తన్నావేటే!"

నేను నవ్వానని అప్ప తరవాత చెప్పింది. నాకు తెలీదు.

మిషను ఆగాక మేస్టారు, మా అత్తగారు కూర్చున్న ముక్క కత్తిరించి అతికిస్తే కొడుకు ఒక్కడూ కనబడే ముక్క మిగులుతుందని చెప్పారు. కావాలంటే ఇప్పుడే చేస్తానన్నారు.

"వొద్దు బాబూ," అంది ఆవిడ. "నన్ను తీసీస్తే ఆడొక్కడే అయిపోతాడు."

ఏటి సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను మాట ఇచ్చాను గనక నేనే అడిగాను, ఏం చేద్దామత్తా అని. ఆవిడ గోనెసంచులు విప్పుతూ, ఎటో చూస్తూ, "మేస్టారి కాడే ఉంచీమను," అంది. "మనింట్లో వొద్దు. ఇంట్లో ఉంటే నాను రోజూ తిప్పమంతాను. పాపం, ఆ బాబుకి బడికెల్లాల గదా."

విజయనగరంలో తెలిసినవాళ్ళకి కొందరికి చూపించవచ్చా అని మేస్టారు అడిగారు. ఆవిడ ఒప్పుకుంది. "ఆ కూకున్న ముసిల్ది ఎవులని అడిగితే మాత్రం, ఆడి తల్లని సెప్పండి. మరేటీ సెప్పకండి," అంది.

ఆయన అలాగే చెప్పారట. చూసినవాళ్ళు దీని అర్థం ఏమిటి, దాని అర్థం ఏమిటి అని చాలా అడిగారట. తరవాత ఆయనకి బదిలీ అయింది, అక్కడనుంచి ఇంకెక్కడికో అయింది. అప్ప వెళ్ళేటప్పుడు గోడమీంచి నా చెయ్యి పట్టుకుంది. ఆ రీలు ఇప్పుడు ఎక్కడుందో, ఉందో లేదో నాకు తెలీదు. నేను మళ్ళీ చూడలేదు. చూడకపోయినా మొహం మాత్రం మళ్ళీ పోలేదు. ఆ కనుబొమ గాటుతో సహా నాకు మిగిల్చినందుకు మేస్టారికి, అప్పకి, స్వామికి రోజూ దండం పెట్టుకుంటాను.

మా అత్తగారు ఆ తరవాత చాలా ఏళ్ళు నా దగ్గరే ఉండి, నా చేతిలోనే వెళ్ళిపోయింది. ఇంకెవరినీ తన బొమ్మ తీయనివ్వలేదు. మా ఇంటి గోడ మీద ఆవిడ ఫొటో కూడా లేదు. చదివినవాళ్ళు ఆవిణ్ని మూఢురాలు అనుకుంటారేమోనని ఇది రాయడానికి ఇన్నాళ్ళు వెనకాడాను. ఆయన్ని తలుచుకోవడానికి నేనున్నాను. ఆవిణ్ని తలుచుకోవడానికి నేను తప్ప ఎవరూ లేరు, నాకా వయసు మీరింది. కొడుకు కోసం తన బొమ్మని తనే తిట్టి లేపుకున్న మా అత్తగారిని, ఇది చదివిన మీరు, ఏదో ఒక పూట, ఒక్కసారి తలుచుకోండి.